ఎనిమిది నెలల తర్వాత మళ్లీ నీళ్లు నింపిన ఉప్పునీటి అక్వేరియం: తగ్గని నైట్రేట్, వదలని నాచు

మల్కాజిగిరి_రెండడుగులు
ఫిబ్రవరి 11

నమస్కారం అండీ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అద్దాల తొట్టిలో నేను నాలుగేళ్ల పాటు ఉప్పునీటి చేపలను పెంచాను. నిరుడు మే నెలలో ఇల్లు మారవలసి రావడంతో చేపలను ఒక మిత్రుని ఇంటికి పంపించి, నీళ్లు పారబోసి, ఆరు కిలోల రాళ్లను, అడుగున పరచిన ఇసుకను రెండు మూత బకెట్లలో పెట్టి మేడమీది గదిలో దాచాను. ఈ జనవరి 5న అదే సామగ్రితో మళ్లీ మొదలుపెట్టాను. ఇసుకను నల్లా నీటితో ఒకసారి కడిగాను. రాళ్లను మాత్రం కడగలేదు. ఎనిమిది నెలలు ఎండిన రాళ్లలో చెడిపోవడానికి ఏముంటుందని అనుకున్నాను.

మొదటి వారంలో అమోనియా బాగా కనబడింది. మూడో వారం చివరికి అది సున్నాకు రావడంతో ఒక క్లౌన్ చేపను తెచ్చి వదిలాను. చేప చురుకుగానే ఉంది, రోజుకు మూడుసార్లు మేత తింటోంది. అయితే రెండో వారంలో ఇసుక మీద గోధుమరంగు పొడిలా మొదలైన నాచు ఇప్పుడు రాళ్ల మీద అంగుళం పొడవున పచ్చని వెంట్రుకల్లా పెరిగింది. నైట్రేట్ కిట్ 80 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపిస్తోంది. నాలుగు వారాలుగా ప్రతి ఆదివారం అయిదో వంతు నీళ్లు మారుస్తున్నా ఆ అంకె కదలడం లేదు.

నీళ్లు వంటింటి ప్యూరిఫయర్ నుంచి పడుతున్నాను, దాని టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 90. మా అపార్ట్‌మెంటులో నల్లా నీరూ బోరు నీరూ ఒకే సంపులో కలుస్తాయి. నురుగుతో మలినాలను తీసే స్కిమ్మర్ లేదు. స్పాంజి ఫిల్టరు, నీటిని కదిలించే ఒక చిన్న వేవ్‌మేకర్ ఉన్నాయి. ఎల్ఈడీ దీపం రోజుకు 10 గంటలు వెలుగుతుంది. ఫాస్ఫేట్ కిట్ ఇంకా కొనలేదు.

చేపలు కొన్న దుకాణంలో నాచును చంపే ద్రావణం ఒకటి ఇచ్చారు, దాని మూత ఇంకా తీయలేదు. అది వాడవచ్చునా, పాత రాళ్లను పారేయవలసిందేనా, ఇన్నిసార్లు నీళ్లు మార్చినా నైట్రేట్ ఎందుకు తగ్గడం లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.


సైనిక్‌పురి_సాగరం
ఫిబ్రవరి 11

ముందుగా ఆ సీసా మూత తీయకండి. నాచును చంపే ద్రావణాలు కొన్నింటిలో రాగి ఉంటుంది. రాగి నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం, పైగా సున్నపు రాళ్లకూ ఇసుకకూ పట్టుకుని చాలా కాలం నిలిచిపోతుంది. రాగి లేని మందైనా సరే, చచ్చిన నాచు ఎక్కడికీ పోదు, ఆ నీటిలోనే కుళ్లి, తాను ఇన్నాళ్లూ తిన్న నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ తిరిగి నీటిలోకే వదులుతుంది. కుళ్లే సమయంలో ఆక్సిజన్‌ను కూడా లాగేసుకుంటుంది కాబట్టి అంత చిన్న తొట్టిలో రాత్రిపూట చేపకు ఊపిరాడని పరిస్థితి రావచ్చు.

ఇక రాళ్ల సంగతి. "ఎండిన రాళ్లలో ఏముంటుంది" అన్న మీ మాట దగ్గరే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. నాలుగేళ్లు నడిచిన తొట్టిలోని రాయి అంటే దాని రంధ్రాల నిండా సన్నని పురుగులు, స్పాంజీలు, బ్యాక్టీరియా, చేపల మలం పేరుకుని ఉన్న రాయి. నీళ్లు తీసేసిన రోజున అవన్నీ చనిపోయి లోపలే ఎండిపోయాయి. జనవరిలో మీరు మళ్లీ నీళ్లు పోయగానే అవి నానడం, కుళ్లడం మొదలైంది. మొదటి వారం కనబడిన అమోనియా అక్కడి నుంచి వచ్చినదే. బ్యాక్టీరియా ఆ అమోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మార్చుతూ పోతుంది. కాబట్టి మీ తొట్టిలో ఉన్నది ఒక్క చిన్న చేపే అయినా, నీటికి అందుతున్న ఆహారం మాత్రం పది చేపల పాటిది.

ఫాస్ఫేట్ మరొక రకంగా ఇబ్బంది పెడుతుంది. అది కాల్షియం కార్బొనేట్‌కు అతుక్కునే పదార్థం. నీటిలో ఎక్కువగా ఉన్నప్పుడు రాయి దాన్ని పట్టుకుంటుంది, నీటిలో తగ్గినప్పుడు వదులుతుంది. నాలుగేళ్లలో రాయి పట్టుకున్నదంతా ఇప్పుడు మీరు కొత్త నీళ్లు పోసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా బయటికి వస్తూ ఉండవచ్చు. వెంట్రుకల నాచు రాయి ఉపరితలానికే వేళ్లూనినట్టు ఉంటుంది కాబట్టి అలా ఊరివచ్చేది నీటిలో కలిసేలోపే దానికి అందుతుంది. అందువల్ల కొందరి తొట్లలో నీటి పరీక్షలో ఫాస్ఫేట్ దాదాపు కనబడకపోయినా నాచు మాత్రం దట్టంగా పెరుగుతుంది.

అనుమానం తీరాలంటే ఒక పరీక్ష చేయండి. రెండు రాళ్లను తీసి, తొట్టిలో కాకుండా శుభ్రమైన బకెట్‌లో, కొత్తగా కలిపిన ఉప్పునీటిలో వేసి, చిన్న పంపు పెట్టి, మూత వేసి మూడు రోజులు ఉంచండి. రాళ్లు వేయడానికి ముందు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి. ఫాస్ఫేట్ కిట్ తప్పనిసరిగా కొనండి. ఆ రెండు కొలతల మధ్య తేడా రాయి ఏం వదులుతోందో చెబుతుంది.

ఇసుకను ఒకసారి కడగడం చాలదు. నా అనుభవంలో పాత ఇసుకను బకెట్‌లో చేత్తో కలియబెడుతూ పది పన్నెండు సార్లు కడిగినా చివరి నీళ్లు కూడా బియ్యం కడుగులా తెల్లగా వస్తూనే ఉన్నాయి. నేనైతే పాత ఇసుకను మళ్లీ వాడను, కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు నెలల తరబడి నాచుతో పడే అవస్థ కన్నా తక్కువే. రాళ్లను మాత్రం పారేయనక్కరలేదు, పరీక్ష ఫలితం వచ్చాక వాటిని ఎలా బాగుచేయాలో మాట్లాడుకుందాం.


తార్నాక_నీటిపరీక్ష
ఫిబ్రవరి 12

సైనిక్‌పురి వారు రాళ్ల గురించి చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. నీటి పరీక్షలు నా వృత్తిలో భాగం కాబట్టి మీ అంకెల గురించి రెండు మూడు మాటలు వివరంగా రాస్తాను.

మొదటిది, ఆ 80 అనే అంకెను ఇప్పుడే పూర్తిగా నమ్మకండి. చాలా నైట్రేట్ కిట్లు నైట్రేట్‌ను నేరుగా కొలవవు. వాటిలోని పొడి నైట్రేట్‌లో కొంత భాగాన్ని నైట్రైట్‌గా మార్చుతుంది, ఆ నైట్రైట్ రంగునే మనం చూస్తాం. నీటిలో ముందే నైట్రైట్ ఉంటే అది కూడా అదే రంగునిస్తుంది, పైగా మారవలసిన పని లేకుండా నేరుగా ఇస్తుంది కాబట్టి కొద్దిపాటి నైట్రైట్ కూడా ఎంతో నైట్రేట్‌లా కనబడుతుంది. మీ తొట్టి వయసు అయిదు వారాలు, అమోనియా మూడో వారంలో సున్నాకు వచ్చిందంటే నైట్రైట్ ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. అది కొలిచారా? ఉప్పునీటి చేపకు ఆ మోతాదులో నైట్రైట్ వల్ల పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే సముద్రపు నీటిలో విస్తారంగా ఉండే క్లోరైడ్ దాన్ని చేప మొప్పల గుండా లోపలికి పోనివ్వదు. అయితే అది మీ కొలతను మాత్రం తప్పుదారి పట్టిస్తుంది.

కిట్ మీద ఏ ప్రమాణం రాసి ఉందో కూడా చూడండి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను మొత్తంగా చెబుతాయి, కొన్ని అందులోని నైట్రోజన్‌ను మాత్రమే చెబుతాయి. రెండోదాన్ని 4.43తో గుణిస్తేనే మొదటిది వస్తుంది.

రెండవది మీ ప్యూరిఫయర్. మన ఇళ్లలోని ఆర్వో యంత్రాలలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. తాగే నీరు మరీ చప్పగా ఉండకూడదని, మెంబ్రేన్ (వడపోత పొర) గుండా వెళ్లని నీటిని కొంత ఆ మర ద్వారా కలుపుతారు. మీ 90 టీడీఎస్ చాలావరకు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. ఆ కలిసే నీటిలో మీ బోరు నీరు ఉంది. హైదరాబాద్ బస్తీలలో, కాలనీలలో బోరు నీటిలో నైట్రేట్ ఎక్కువగా ఉండటం కొత్త విషయం కాదు, మురుగు భూమిలోకి ఇంకే చోట అది తప్పదు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ వరకు ఉండవచ్చు. అంటే మనిషి తాగడానికి ఏ లోపమూ లేని నీరు కూడా మీ తొట్టికి పనికిరాకపోవచ్చు. ఉప్పు కలపక ముందు ప్యూరిఫయర్ నీటినే ఒకసారి పరీక్షించండి.

ఉదాహరణకు ఆ నీటిలో 25 ఉందనుకోండి. తొట్టిలో 80 ఉన్నప్పుడు అయిదో వంతు మార్చితే 69కి వస్తుంది, మరుసటి వారం 60, ఆ తర్వాత 53. లోపల కొత్తగా ఏదీ పుట్టకపోయినా ఇంత నెమ్మదిగానే దిగుతుంది, ఎన్ని నెలలు మార్చినా 25 కన్నా కిందికి ఎన్నటికీ దిగదు. శుద్ధమైన నీరైతే అదే క్రమం 64, 51, 41. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఆవిరైపోయిన నీటికి బదులు మీరు రోజూ పోసే నీటి మాటేమిటి? మూత లేని మీ తొట్టిలో రోజుకు 700 మిల్లీలీటర్లు ఆవిరైనా, నైట్రేట్ మాత్రం ఆవిరి కాదు. రాళ్లూ ఇసుకా పోగా మీ తొట్టిలో ఉండేది దాదాపు 45 లీటర్ల నీరు. ఆ లెక్కన, రోజూ పోసే నీటితోనే నెలకు దాదాపు 12 పీపీఎం పెరుగుతుంది. వేసవి వచ్చి రోజుకు లీటరున్నర ఆవిరైతే ఆ లెక్క రెట్టింపు అవుతుంది.

మూడవది గోధుమరంగు పొడి. అది డయాటమ్ జాతి నాచు, దాని పెంకు సిలికాతో తయారవుతుంది. మన నగరం గ్రానైట్ రాతి మీద ఉంది, ఆ రాయి గుండా ఊరే బోరు నీటిలో కరిగిన సిలికా సహజంగానే ఉంటుంది. మామూలు పీహెచ్ దగ్గర దానికి విద్యుదావేశం దాదాపు ఉండదు కాబట్టి టీడీఎస్ మీటరు దాన్ని గుర్తించలేదు. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ గొట్టం (నీటిలో మిగిలిన అయాన్లను పట్టుకునే గుళికలు నింపినది) పెట్టుకుంటే సిలికా ఆగుతుంది, కానీ రెసిన్ అరిగిపోయే దశలో మొదట జారిపోయేది కూడా సిలికానే. అందువల్ల మీటరు 1 లేదా 2 చూపించగానే రెసిన్ మార్చడం మంచిది, 10 దాకా ఆగకండి.


మల్కాజిగిరి_రెండడుగులు
ఫిబ్రవరి 17

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ చేశాను, ఫలితాలు రాస్తున్నాను.

తొట్టిలో నైట్రైట్ 1 పీపీఎం ఉంది. అంటే నా 80 నిజమైన 80 కాదు. ప్యూరిఫయర్ నీటిలో నైట్రైట్ లేదు, నైట్రేట్ మాత్రం 20కీ 25కీ మధ్య రంగు చూపించింది. మొదటి నుంచీ ఇదే ప్యూరిఫయర్‌ను నమ్మి దాని నీటినే పోస్తున్నాను. పాత ఇంట్లో నల్లా నీరు ఒక్కటే వచ్చేది, ఇక్కడ బోరు కలుస్తుందన్న సంగతి నాకు తట్టనే లేదు.

బకెట్‌లో రెండు రాళ్లు వేసి మూడు రోజులు ఉంచాను. దీనికోసం నీటిని మిత్రుని ఇంట్లోని డీఐ గొట్టం ఉన్న యంత్రం నుంచి తెచ్చాను. మొదట నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ కనబడలేదు. మూడు రోజుల తర్వాత నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.6 వచ్చాయి. బకెట్ అడుగున చిటికెడు కాదు, పిడికెడు బూడిదరంగు మడ్డి చేరింది. మూత తీయగానే చెరువుగట్టు వాసన వచ్చింది.

ఇప్పుడు రాళ్లను ఆమ్లంలో ముంచమని ఒకరు, బ్లీచింగ్ ద్రావణంలో ముంచమని మరొకరు చెబుతున్నారు. ఏది సరైనది? చేప తొట్టిలోనే ఉంది, దాన్ని ఇబ్బంది పెట్టకుండా ఈ పని చేయగలనా?


సైనిక్‌పురి_సాగరం
ఫిబ్రవరి 17

బ్లీచ్ రాయిలోని సేంద్రియ పదార్థాన్ని కరిగిస్తుంది కానీ, రాయికి అతుక్కున్న ఫాస్ఫేట్‌ను తీయదు. ఆమ్లం రాయి పై పొరనే కరిగిస్తుంది కాబట్టి దానితో పాటు ఆ పొరలోని ఫాస్ఫేట్ కూడా పోతుంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వాడేవారు ఉన్నారు. మధ్యలో సరిగా కడగకుండా ఆమ్లాన్ని బ్లీచ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అపార్ట్‌మెంటు బాల్కనీలో అది మీకూ పక్కింటివారికీ ప్రాణాపాయం. ఈ మాట నేను కావాలనే ముందుగా రాస్తున్నాను. పైగా ఆ రెండు పద్ధతులూ మీరు అయిదు వారాలుగా పెంచుకున్న బ్యాక్టీరియాను కూడా చంపేస్తాయి.

మీకు ఒక చేప ఉంది, తొందర లేదు. కాబట్టి నెమ్మదైన పద్ధతి సూచిస్తాను. రాళ్లలో సగం తొట్టిలో ఉంచి, సగాన్ని మూత ఉన్న బకెట్‌లో ఉప్పునీటిలో, పూర్తి చీకటిలో, పంపుతో ఉంచండి. వారానికోసారి ప్రతి రాయినీ అదే బకెట్ నీటిలో బాగా జాడించి, మడ్డి రాలగొట్టి, నీళ్లన్నీ పారబోసి కొత్తవి పోయండి. చీకటిలో నాచు చస్తుంది, బ్యాక్టీరియా బతుకుతుంది, రాయి లోపలి కుళ్లు బయటికి వస్తుంది, ఫాస్ఫేట్ కొంత కొంత నీటిలోకి దిగుతుంది. వారం గడిచినా బకెట్ నీటిలో ఫాస్ఫేట్ 0.1 దాటని రోజున ఆ సగాన్ని తొట్టిలో పెట్టి, మిగతా సగాన్ని బకెట్‌లోకి మార్చండి. నెలా రెండు నెలలు పట్టవచ్చు.

తొట్టిలో మిగిలిన రాళ్ల మీది నాచును తొట్టి లోపల గీకకండి. తుంపులు ఎగిరి మరో చోట మొలుస్తాయి. రాయిని తీసి, తొట్టి నీళ్లే పోసిన చెంబులోనో బకెట్‌లోనో పాత టూత్‌బ్రష్‌తో తోమి, జాడించి, తిరిగి పెట్టండి. మొండిగా అతుక్కున్న చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పని చేస్తుంది. మందుల దుకాణాల్లో సాధారణంగా దొరికేది 6 శాతానిది, దానికి అంతే ఆర్వో నీరు కలిపితే 3 శాతం అవుతుంది. రాయిని గాలిలో ఉంచి నాచు మీద మాత్రమే చుక్కలుగా వేసి, మూడు నిమిషాలు ఆగి, ఉప్పునీటిలో జాడించి పెట్టాలి.

పాత ఇసుకను ఒక్కరోజే మొత్తం కలియబెట్టకండి. అడుగున నిలిచిన కుళ్లు ఒక్కసారిగా లేస్తే చేప తట్టుకోలేదు. నీళ్లు మార్చే ప్రతిసారీ సన్నని గొట్టంతో సైఫన్ చేస్తూ నీటితో పాటు నాలుగో వంతు ఇసుకను లాగేయండి. నాలుగు వారాల్లో అయిపోతుంది. రాళ్లూ స్పాంజీ ఉన్నంతవరకు బ్యాక్టీరియాకు కావలసిన చోటు ఉంటుంది, ఇసుక లేకపోయినా చేప బతుకుతుంది.

స్పాంజి ఫిల్టరును వారానికి రెండుసార్లు తీసి తొట్టి నీళ్లలోనే పిండండి. నల్లా నీటిలో పిండితే క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది, పిండకుండా వదిలేస్తే అందులో ఇరుక్కున్న మలం నైట్రేట్‌గా మారుతూ ఉంటుంది. మేత రోజుకు ఒక్కసారి, ఒక్క నిమిషంలో తినేసేంత. క్లౌన్ చేపకు అది చాలు.


మెహదీపట్నం_అలలు
ఫిబ్రవరి 19

పైన చెప్పినవన్నీ సరైనవే. నేను ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలనుకుంటున్నాను. నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను సున్నా చేయడం మీ లక్ష్యంగా పెట్టుకోకండి.

మూడేళ్ల క్రితం నా 40 లీటర్ల తొట్టిలో ఇలాంటి వెంట్రుకల నాచే వచ్చింది. నేను విసిగిపోయి, ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలను చెప్పిన మోతాదుకు రెండింతలు వేశాను, మేత దాదాపు మానేశాను, వారానికి సగం నీళ్లు మార్చాను. మూడు వారాల్లో రెండు కిట్లూ సున్నా చూపించాయి, పచ్చనాచు తెల్లబడి రాలిపోయింది. నేను ఎంతో సంతోషించాను. పది రోజుల తర్వాత రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగలు, వాటి కొనల్లో గాలి బుడగలు కనబడ్డాయి. డయాటమ్ అనుకుని ఇంకా నీళ్లు మార్చాను, అది ఇంకా పెరిగింది. నా దగ్గరున్న నాలుగు నత్తలు చనిపోయిన తర్వాత ఒక కళాశాల ప్రయోగశాలలో మైక్రోస్కోపు కింద చూపిస్తే అవి డైనోఫ్లాజెల్లేట్లు (ఒక రకం ఏకకణ జీవులు) అని తేలింది. మిగతా నాచులూ బ్యాక్టీరియా ఆకలితో తగ్గిపోయి చోటు ఖాళీ అయినప్పుడు అవి విజృంభిస్తాయి. వాటిలో కొన్ని విషపూరితం కూడా. తొట్టిలో తిరిగి నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలబెట్టి, నీళ్లు మార్చడం ఆపి, యూవీ దీపం నడిపితే మూడు నెలలకు గానీ వదలలేదు. ఆ మూడు నెలలూ ప్రతి ఉదయం తొట్టి వైపు చూడాలంటే నాకు బాధగా ఉండేది.

డయాటమ్‌కూ దానికీ తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. రాత్రి దీపం ఆర్పిన కొన్ని గంటల తర్వాత టార్చి వేసి చూడండి. డయాటమ్ పొడి అక్కడే ఉంటుంది, డైనో జిగురు చాలావరకు మాయమై, మరునాడు వెలుతురు పడ్డాక మళ్లీ పరుచుకుంటుంది.

చేపలు మాత్రమే ఉన్న మీ తొట్టికి నైట్రేట్ 10 నుంచి 20 మధ్య, ఫాస్ఫేట్ 0.1 చుట్టుపక్కల నిలకడగా ఉంటే అది మంచి స్థితే. దీపం 10 గంటలు చాలా ఎక్కువ, 6 గంటలకు తగ్గించండి. నత్తలను ఇప్పుడే వేయవద్దు. నైట్రైట్ సున్నా అయ్యాక, పొడవైన నాచును మీరు చేత్తో తీసేశాక రెండు ట్రోకస్ నత్తలు చాలు. అంగుళం పొడవున్న నాచును నత్తలు ముట్టవు, అవి తినేది అప్పుడే మొలకెత్తే పలుచని పొరను.


నల్లకుంట_ఉప్పునీరు
ఫిబ్రవరి 19

చిన్న మాట. రాళ్లు బాగుపడే వరకు తొట్టి బోసిగా ఉంటుందని "సముద్రపు లైవ్ రాక్" పేరుతో అమ్మేవాటిని మాత్రం కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలు 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి, 2022 సవరణ తర్వాత కూడా అక్కడే ఉన్నాయి. మన తీరం నుంచి తెచ్చిన పగడపు రాయిని, అది చచ్చిన పగడమైనా సరే, కొనడం అమ్మడం నేరం. సిరామిక్ రాళ్లు దొరుకుతాయి, అవి శుభ్రంగా, ఫాస్ఫేట్ లేకుండా వస్తాయి. చేపల విషయంలో కూడా హేచరీలో పుట్టినవాటినే అడిగి తీసుకోండి. క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది కాబట్టి అవి మన దేశంలోనే దొరుకుతాయి. అవి మేత త్వరగా అలవాటు చేసుకుంటాయి, మేత వృథా అయితే పెరిగేది నైట్రేటే కదా.


మల్కాజిగిరి_రెండడుగులు
ఏప్రిల్ 14

రెండు నెలల తర్వాత రాస్తున్నందుకు మన్నించండి. ఈ మధ్యలో జరిగినది వివరంగా చెబుతాను, ఇలాంటి స్థితిలో ఉన్న మరొకరికి ఉపయోగపడవచ్చు.

ప్యూరిఫయర్‌ను వంటింటికే వదిలేసి, నాలుగు దశల చిన్న ఆర్వో యంత్రాన్నీ డీఐ గొట్టాన్నీ విడిగా అమర్చుకున్నాను. టీడీఎస్ 0 చూపిస్తోంది. మొదటి సగం రాళ్లు బకెట్‌లో అయిదు వారాలు పట్టాయి. మొదటి వారం ఫాస్ఫేట్ 0.8 వచ్చింది, రెండో వారం 0.5, మూడో వారం అనుకోకుండా మళ్లీ 0.6, అయిదో వారానికి 0.1. రెండో సగం ఇప్పుడు నాలుగో వారంలో ఉంది. పాత ఇసుకంతా తీసేశాను, కొత్త ఇసుక ఇంకా వేయలేదు, అద్దం అడుగు కనబడుతూ ఉండటం మొదట వింతగా అనిపించినా శుభ్రం చేయడం ఎంతో తేలికగా ఉంది.

నైట్రైట్ ఫిబ్రవరి చివరికి సున్నా అయింది. ఆ రోజు నైట్రేట్ కొలిస్తే 80కి బదులు 40 వచ్చింది. ఇప్పుడు అది 12, ఫాస్ఫేట్ 0.12. వెంట్రుకల నాచు తొట్టిలోని రాళ్ల మీద అక్కడక్కడా పొట్టిగా ఉంది, వారానికోసారి తోముతున్నాను. వెనక అద్దం మీద పలుచని పచ్చ పొర వస్తోంది, దాన్ని ట్రోకస్ నత్తలు తింటున్నాయి, అవి తిరిగిన దారి అద్దం మీద గీతల్లా కనబడుతుంది.

ఎండలు ముదిరాక ఒక కొత్త సమస్య ఎదురైంది. మధ్యాహ్నం నీటి వేడి 30 డిగ్రీలు దాటింది. నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే 27కి దిగింది, కానీ రోజుకు లీటరుకు పైగా ఆవిరవుతోంది. నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.028కి పెరిగింది. రెండో క్లౌన్ చేపను ఇప్పుడే తేవచ్చునా, వేసవి గడిచే వరకు ఆగాలా?


తార్నాక_నీటిపరీక్ష
ఏప్రిల్ 14

మూడో వారం ఫాస్ఫేట్ పెరగడం అనుకోనిది కాదు. పై పొరలోనిది దిగిపోయాక లోపలి సేంద్రియ పదార్థం కుళ్లినప్పుడు అలా ఒకసారి పెరిగి దిగుతుంది. 1.028 నుంచి తిరిగి 1.025కి ఒక్కరోజులో దించకండి. రెండు మూడు రోజుల్లో, ఉప్పు లేని ఆర్వో నీటిని కొంచెం కొంచెంగా పోస్తూ దించండి. నీటిమట్టం దగ్గర అద్దం మీద టేపు ముక్క అంటించి ఉదయం సాయంత్రం ఆ గీత వరకు పోసుకుంటే సాంద్రత కదలదు. అలా ఊరెళ్లే అవసరం తరచుగా ఉంటే ఫ్లోట్ స్విచ్‌తో పనిచేసే చిన్న పంపు పెట్టుకోవడం మంచిది.


సైనిక్‌పురి_సాగరం
ఏప్రిల్ 15

రెండో చేప కోసం జూన్ వరకు ఆగండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యానూ వేవ్‌మేకరూ ఒకేసారి ఆగిపోతాయి. ఒక చేపకు సరిపోయే నీరు అప్పుడు రెండింటికి చాలకపోవచ్చు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇప్పుడే కొని తొట్టి పక్కన ఉంచుకోండి. ఈలోగా రెండో సగం రాళ్లు కూడా తొట్టిలోకి వస్తాయి. అవి వచ్చిన మూడు వారాల తర్వాత కూడా నైట్రేట్ 20 లోపు, ఫాస్ఫేట్ 0.15 లోపు నిలిస్తే, మొదటి చేప కన్నా కొంచెం చిన్నదాన్ని ఎంచుకుని తెచ్చుకోండి. క్లౌన్ చేపల్లో పెద్దది ఆడదిగా మారి, చిన్నది మగదిగా ఉండిపోతుంది, సైజులో తేడా ఉంటే అవి కొట్లాడుకోకుండా జతకడతాయి.